యాంకీస్ క్యాచర్లలో నాకు నచ్చినవాళ్లు, నచ్చడానికి కారణాలు

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి రెండేళ్లయింది, ఆఫీసులో అందరూ బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ యాంకీస్ అభిమానులే, మీ అబ్బాయి పిల్లలు ఆడే లిటిల్ లీగ్‌లో క్యాచర్‌గా ఆడటం మొదలుపెట్టాడు. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడేనా? యాంకీస్ క్యాచర్లలో నాకు బాగా నచ్చినవాళ్లు ఎవరు? చాలాకాలంగా ఈ జట్టునే పట్టుకుని చూస్తున్నాను, దాని పాత చరిత్ర కూడా ఇష్టంగా చదువుకున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు వికెట్ కీపర్ సంగతి. గ్లవ్స్, కూర్చునే తీరు చూస్తే ఇద్దరూ ఒకటేలా ఉంటారు కానీ పని చాలా వేరు. క్రికెట్‌లో ఏ బంతి వేయాలో బౌలర్ ఇష్టం, మహా అయితే కెప్టెన్ ఒక మాట చెబుతాడు. బేస్‌బాల్‌లో ప్రతి బంతికీ ముందు క్యాచరే అడుగుతాడు, ఏ రకం బంతి కావాలో, ఏ వైపు కావాలో. నచ్చకపోతే పిచర్ (బంతి వేసేవాడు) తల అడ్డంగా ఊపుతాడు, అప్పుడు ఇంకోటి అడుగుతాడు. ఒకప్పుడు ఇదంతా తొడల మధ్య వేళ్లతో చేసే సైగలే. 2022 నుంచి మేజర్ లీగ్‌లో (అన్నిటికంటే పై స్థాయి ప్రొఫెషనల్ లీగ్) పిచ్‌కామ్ అనే చిన్న పరికరం వచ్చింది. క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో మాట వినబడుతుంది. ఇవి కాక, నేలకు తగిలి ఎగిరే బంతికి ఛాతీ అడ్డం పెట్టాలి. రన్నర్ రెండో బేస్ దొంగిలించబోతే, అంటే పిచర్ బంతి వేస్తుండగానే అటు పరిగెత్తితే, మోకాళ్ల మీద నుంచి లేచి 127 అడుగుల దూరం విసరాలి. బంతి మిట్‌లో (క్యాచర్ గ్లవ్) పడిన క్షణం నుంచి రెండో బేస్ చేరేదాకా రెండు సెకన్లు దాటితే రన్నర్ బతికిపోయినట్టే.

అందుకే క్యాచర్‌ని బ్యాటింగ్ సగటుతో తూచడం నాకు ఇష్టం ఉండదు. నేను చూసేది ఒక్కటే: అతను వెనక కూర్చుంటే పిచర్ ఎంత ధైర్యంగా వేస్తున్నాడు? మూడో బేస్ మీద రన్నర్ ఉన్నాడనుకోండి. బంతి క్యాచర్‌ని దాటి వెనక్కి పోతే పరుగు వచ్చేస్తుంది. ఆ టెన్షన్‌లో కూడా ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) ముందు మట్టిలో పడే, వంపు తిరిగే కర్వ్‌బాల్ వేయడానికి పిచర్ వెనకాడలేదంటే, ఆ క్యాచర్ మీద అతనికి గురి ఉన్నట్టు. నా ఇష్టాలన్నీ ఈ లెక్క మీదే ఏర్పడ్డాయి.

యాంకీస్ క్యాచర్ల గురించి మాట్లాడేవాళ్లు యోగి బెరాతో మొదలుపెడతారు. నేను ఒక అడుగు వెనక్కి, బిల్ డికీ దగ్గరికి వెళ్తాను. 1928లో జట్టులోకి వచ్చి 1946 దాకా ఆడాడు, మధ్యలో రెండేళ్లు నేవీలో ఉన్నాడు. మొత్తం కెరీర్ బ్యాటింగ్ సగటు .313, అంటే వెయ్యి ప్రయత్నాలకు 313 హిట్‌లు. 1929 నుంచి 1941 దాకా వరసగా 13 సీజన్లు, ఏటా కనీసం 100 మ్యాచ్‌లు ప్లేట్ వెనక కూర్చున్నాడు. ఈ అంకెలు గొప్పవే. కానీ నాకు డికీ మీద గౌరవం పెరిగింది ఆయన ఆట మానేశాక చేసిన పని వల్ల.

బెరా 1946లో జట్టులోకి వచ్చాడు. కొట్టడంలో పుట్టు నేర్పరి, క్యాచింగ్‌లో మాత్రం పచ్చి. 1947 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్) బ్రూక్లిన్ డాడ్జర్స్ రన్నర్లు అతని మీద పడి యథేచ్ఛగా పరిగెత్తారు. ఇతన్ని ఔట్‌ఫీల్డ్‌లో నిలబెట్టడమే మేలని అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1949లో కొత్త మేనేజర్ కేసీ స్టెంగెల్, బెరాకి నేర్పమని డికీని కోచ్‌గా రప్పించాడు. ప్లేట్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోవడం, విసిరే ముందు కాళ్లు ఎలా కదపాలి, బ్యాటర్ పాదాలు చూసి ఏం పసిగట్టాలి, ఇలా ఒక్కొక్కటీ కూర్చోబెట్టి నేర్పాడు. కొన్నేళ్లు తిరిగేసరికి బెరా 1957 నుంచి 1959 వరకు వరసగా 148 మ్యాచ్‌లు ఒక్క ఎర్రర్ (ఫీల్డింగ్ తప్పు) కూడా లేకుండా క్యాచింగ్ చేశాడు. యాంకీస్ 8వ నంబర్ జెర్సీని ఇద్దరి పేరునా కలిపి 1972లో రిటైర్ చేసింది. గురువు, శిష్యుడు ఒకే నంబర్ మీద ఉండిపోవడం చాలా సబబుగా ఉంటుంది నాకు.

బెరా గురించి మీ ఆఫీసువాళ్లు ఆయన తమాషా మాటలే ఎక్కువ చెబుతారు. ఆ మాటల వెనక అసలు ఆటగాడు మరుగున పడిపోతున్నాడని నా బాధ. ఆటగాడిగా పది వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, మరెవరికీ అన్ని లేవు. 1951, 1954, 1955లలో మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు. కెరీర్ మొత్తంలో 358 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) కొడితే, స్ట్రైకౌట్ అయింది, అంటే మూడు స్ట్రైక్‌లు పడి అవుటైంది, 414 సార్లే. ఈ రోజుల్లో పెద్ద హిట్టర్లు రెండు మూడు సీజన్లలోనే అన్ని స్ట్రైకౌట్లు అవుతున్నారు. అంతకుముందు, రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో నార్మండీ తీరంలో సైన్యాలు దిగినప్పుడు నేవీ రాకెట్ పడవలో ఉన్నాడు, అప్పటికి 19 ఏళ్లు.

కానీ బెరా అంటే నాకు 1956 అక్టోబర్ 8. వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్, ఎదురుగా డాడ్జర్స్. డాన్ లార్సెన్ పిచర్. అదే సిరీస్ రెండో మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయకుండానే అతన్ని తీసేశారు. అలాంటి మనిషి 27 మంది బ్యాటర్లలో ఒక్కణ్ణి కూడా మొదటి బేస్ చేరనివ్వలేదు. దాన్నే పర్ఫెక్ట్ గేమ్ అంటారు, వరల్డ్ సిరీస్‌లో ఇప్పటికీ అదొక్కటే. మొత్తం 97 బంతులు. ప్రతి బంతికీ బెరా అడగడం, లార్సెన్ అది వేయడం. చివరి స్ట్రైక్ పడగానే బెరా పరిగెత్తుకెళ్లి లార్సెన్ మీదికి ఎగిరి చంటిపిల్లాడిలా కాళ్లు చుట్టేసిన ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మొన్న దెబ్బతిన్న పిచర్‌ని ఈ రోజు ఇంత నిబ్బరంగా నడిపించాడంటే, ఆ ఆలింగనంలో బెరాకి సగం వాటా ఉంది. రెండు రోజుల తర్వాత ఏడో మ్యాచ్‌లో డాన్ న్యూకాంబ్ బౌలింగ్‌లో రెండు హోమ్ రన్‌లు కొట్టి సిరీస్ కూడా అతనే ముగించాడు.

ఇక నా మనసుకి అందరికంటే దగ్గరివాడు ఎల్‌స్టన్ హోవర్డ్. యాంకీస్ అభిమానుల్లో కూడా చాలామంది ఆయన పేరు నాలుగోదో ఐదోదో చెబుతారు. నేను మొదట చెబుతాను.

ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడిగా జాకీ రాబిన్సన్ 1947లో అడుగుపెట్టాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు గానీ యాంకీస్ ఒక నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోలేదు. 1955 ఏప్రిల్‌లో ఆ మొదటి ఆటగాడిగా వచ్చినవాడు హోవర్డ్. అంతకుముందు నల్లజాతివాళ్లకు వేరుగా ఉన్న నీగ్రో లీగ్‌లో కాన్సాస్ సిటీ మొనార్క్స్‌కి ఆడాడు, సైన్యంలో పనిచేశాడు, మేజర్ లీగ్‌కి కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లో 1954లో టొరంటో తరఫున ఆ లీగ్ ఎంవీపీ అయ్యాడు. ఔట్‌ఫీల్డర్‌గా వచ్చినవాణ్ణి క్యాచర్‌గా మార్చే పని మళ్లీ డికీ మీదే పడింది. తీరా జట్టులోకి వచ్చేసరికి ప్లేట్ వెనక బెరా ఉన్నాడు, అప్పుడే మూడో ఎంవీపీ గెలుస్తున్న బెరా. దాంతో హోవర్డ్ కొన్నేళ్లపాటు ఒకరోజు లెఫ్ట్ ఫీల్డ్, ఒకరోజు ఫస్ట్ బేస్, అప్పుడప్పుడు క్యాచింగ్ చేస్తూ నెట్టుకొచ్చాడు. వరల్డ్ సిరీస్‌లో తన మొట్టమొదటి బ్యాటింగ్‌కే హోమ్ రన్ కొట్టినవాడు అలా నెట్టుకురావడమంటే మాటలు కాదు. ఫ్లోరిడాలో శిక్షణ శిబిరం జరిగినప్పుడు తోటి ఆటగాళ్లు ఉండే హోటల్లో ఆయన్ని ఉండనిచ్చేవాళ్లు కాదు. తర్వాత మీ పక్కనే, మన న్యూజెర్సీలోని టీనెక్‌లో ఇల్లు కట్టుకుంటే అక్కడా జాతి ద్వేషం ఎదురైంది.

1961 అనగానే అందరికీ రోజర్ మారిస్ 61 హోమ్ రన్‌లే గుర్తొస్తాయి. ఆ ఏడాది అదే జట్టులో హోవర్డ్ .348 సగటుతో కొట్టాడు. 1963లో 28 హోమ్ రన్‌లు, క్యాచింగ్‌కి గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ అవార్డు), అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో యాంకీస్ ఉన్న సగం) ఎంవీపీ. ఆ లీగ్‌లో ఎంవీపీ అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే.

పిచర్లకు ఆయన ఎంత చేసేవాడో చెప్పడానికి ఒక ముచ్చట ఉంది. యాంకీస్ పిచర్ వైటీ ఫోర్డ్ రిటైరయ్యాక చెప్పిన విషయం. కెరీర్ చివర్లో ఫోర్డ్ చేతిలో మునుపటి పదును తగ్గింది. హోవర్డ్ బంతిని తిరిగి విసిరే ముందు, మోకాలి కింద కట్టుకునే షిన్ గార్డ్ బకిల్‌కి దాన్ని ఒక్కసారి రాసేవాడట. తోలు మీద చిన్న గీత పడితే బంతి గాలిలో వంపు తిరుగుతుంది. నిబంధనల ప్రకారం అది తప్పే, సమర్థించను. కానీ ఒక క్యాచర్ తన పిచర్‌ని నిలబెట్టడానికి ఎంత దూరం వెళ్తాడో అందులో కనబడుతుంది. బ్యాటింగ్‌కి వెళ్లేముందు ఆటగాళ్లు బ్యాట్‌కి తొడిగి ఊపే గుండ్రటి బరువు రింగ్ ఉంది కదా, మీ అబ్బాయి జట్టులో కూడా ఉండే ఉంటుంది. దాన్ని జనంలోకి తెచ్చినవాళ్లలో హోవర్డ్ ముఖ్యుడు.

ఆట మానేశాక 1969లో యాంకీస్‌కి ఫస్ట్ బేస్ కోచ్‌గా తిరిగొచ్చి అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి కోచ్ అయ్యాడు. మేనేజర్ కావాలని ఎంతో ఆశపడ్డాడు, ఎవరూ ఆ అవకాశం ఇవ్వలేదు. 1980లో 51 ఏళ్లకే పోయాడు. 32వ నంబర్‌ని 1984లో రిటైర్ చేశారు. ఆయన బతికుండగా చేయాల్సిన పని అది.

థర్మన్ మన్సన్ ఇంకో రకం మనిషి. ఒహాయో రాష్ట్రం కాంటన్ కుర్రాడు, బొద్దుగా, మీసాలతో, ఎప్పుడూ ఎవరితోనో తగువుకి సిద్ధం అన్నట్టు ఉండేవాడు. 1970లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు). 1976లో ఎంవీపీ, అదే ఏడాది కెప్టెన్. లూ గెరిగ్ తర్వాత అన్నేళ్లూ ఆ పదవి ఎవరికీ ఇవ్వలేదు యాంకీస్. ఆ 1976 వరల్డ్ సిరీస్‌లో సిన్సినాటి చేతిలో జట్టు నాలుగు మ్యాచ్‌లూ ఓడినా మన్సన్ మాత్రం .529 సగటుతో కొట్టాడు. బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ అంటే పడేది కాదు. అప్పట్లో జట్టు పీఆర్ చూసిన మార్టీ అపెల్ చెప్పిన కథ ఒకటుంది. అసిస్ట్‌ల (బంతి విసిరి అవుట్‌కి సాయపడటం) లెక్కలో ఫిస్క్ కొద్దిగా ముందున్నాడని ప్రెస్ నోట్‌లో చూసి మన్సన్‌కి రోషం వచ్చిందట. ఆ రోజు మ్యాచ్‌లో మూడో స్ట్రైక్ బంతిని కావాలని కింద వదిలి, ఏరుకుని ఫస్ట్ బేస్‌కి విసిరి ఒక్కో అసిస్ట్ సంపాదించాడట. ఎంత పంతం!

1978 అక్టోబర్‌లో కాన్సాస్ సిటీ మీద ప్లేఆఫ్ మూడో మ్యాచ్ వీలైతే మీరు తప్పక చూడాలి. కాన్సాస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ మూడు హోమ్ రన్‌లు కొట్టాడు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ వెనకబడి ఉంది. అప్పటికి మన్సన్ భుజం, మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి, హోమ్ రన్‌లు దాదాపు ఆగిపోయాయి. అలాంటివాడు డగ్ బర్డ్ వేసిన బంతిని లెఫ్ట్ సెంటర్‌లో పాత స్టేడియం అత్యంత లోతైన వైపుకి కొట్టాడు. 6-5తో గెలిచారు. ఆ తర్వాత వరల్డ్ సిరీస్ చివరి అవుట్ కూడా, డాడ్జర్స్ బ్యాటర్ రాన్ సే గాల్లోకి లేపిన ఫౌల్ బంతి, మన్సన్ మిట్‌లోనే పడింది.

ఖాళీ దొరికినప్పుడల్లా కాంటన్‌లో ఉన్న భార్యాపిల్లల దగ్గరికి త్వరగా చేరాలని విమానం నడపడం నేర్చుకున్నాడు. 1979 ఆగస్టు 2న, మ్యాచ్ లేని రోజు, అక్కడి విమానాశ్రయంలో ల్యాండింగ్ సాధన చేస్తుండగా విమానం కూలింది. తోటివాళ్లిద్దరూ బతికారు, మన్సన్ పోయాడు. 32 ఏళ్లు. మర్నాడు న్యూయార్క్‌లో బాల్టిమోర్‌తో మ్యాచ్. జాతీయ గీతం ముందు ఎనిమిది మందీ తమ తమ చోట్లకు వెళ్లి నిలబడ్డారు. ఆ రోజు క్యాచర్ జెర్రీ నారన్ డగౌట్‌లోనే ఉండిపోయాడు. ప్లేట్ వెనక ఖాళీ. జనం నిమిషాల తరబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆగస్టు 6న జట్టంతా కాంటన్‌లో అంత్యక్రియలకు వెళ్లి, రాత్రికి తిరిగొచ్చి ఆడింది. పొద్దున స్నేహితుడి గురించి మాట్లాడిన బాబీ మర్సర్, రాత్రి యాంకీస్ చేసిన ఐదు పరుగులూ తానే తెచ్చి 5-4తో గెలిపించాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నేను కళ్లారా చూస్తూ పెరిగిన అభిమానం హోర్హే పోసాదా మీద. పోర్టోరికో కుర్రాడు. 1990 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) 24వ రౌండ్‌లో తీసుకున్నారు, మైనర్ లీగ్‌లో మొదట సెకండ్ బేస్ ఆడాడు. క్యాచర్‌గా మారమంటే మారాడు. చేతులకి బ్యాటింగ్ గ్లవ్స్ వేసుకునేవాడు కాదు, రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాడు. 17 సీజన్లు యాంకీస్‌కే ఆడి 275 హోమ్ రన్‌లు కొట్టాడు. మెల్లగా పరిగెత్తేవాడు, బంతిని ఆపడంలో కూడా కొన్ని లోపాలు ఉండేవి, అది ఒప్పుకోవాలి. అయినా ఆండీ పెటిట్, మరియానో రివెరా లాంటి మహా పిచర్లు ఏళ్ల తరబడి వేసింది అతని మిట్‌లోకే.

పోసాదాకి జరిగిన అన్యాయం ఏమిటో ఒక్క మ్యాచ్ చెబుతుంది. 2001 అక్టోబర్ 13, ఓక్లాండ్‌లో ప్లేఆఫ్ మూడో మ్యాచ్. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిన యాంకీస్ ఇది కూడా ఓడితే ఇంటికే. ఏడో ఇన్నింగ్స్‌లో రైట్ ఫీల్డ్ నుంచి వచ్చిన త్రో మధ్యలో అందుకోవాల్సినవాళ్ల తలల మీద నుంచి పోయింది. యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి బంతిని పక్కకి చిలికినట్టు అందించాడు. ఆ క్లిప్ ప్రపంచమంతా చూసింది. మీరు ఈసారి జీటర్‌ని వదిలేసి పోసాదాని చూడండి. పక్క నుంచి వచ్చిన బంతిని పట్టి, అదే ఊపులో వెనక్కి తిరిగి, స్లైడ్ చేయకుండా నిలబడే వచ్చేస్తున్న ఓక్లాండ్ రన్నర్ జెరెమీ జియాంబీ కాలికి, పాదం ప్లేట్ మీద పడేలోపు తాకించి అవుట్ చేశాడు. దాన్నే ట్యాగ్ అంటారు. అరక్షణం ఆలస్యమైతే జీటర్ చేసిందంతా వృథా. పైగా ఆ మ్యాచ్ 1-0. ఆ ఒక్క పరుగూ ఐదో ఇన్నింగ్స్‌లో పోసాదా కొట్టిన హోమ్ రనే. 2003లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్‌లో పెడ్రో మార్టినెజ్ మీద స్కోరు సమం చేసిన డబుల్ (బ్యాటర్ రెండో బేస్ చేరే హిట్) కూడా ఇతనిదే, అందరికీ గుర్తున్నది మాత్రం ఆరన్ బూన్ హోమ్ రన్. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకిచ్చే శాశ్వత గౌరవం) ఓటింగ్‌లో 5 శాతం కూడా రాకపోవడంతో మొదటి ఏడాదే జాబితా నుంచి తీసేశారు. ఆ ఓటర్లను నేను క్షమించలేను.

మిగతావాళ్లలో జో గిరార్డీ. 1996 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్‌లో గ్రెగ్ మాడక్స్ మీద కొట్టిన ట్రిపుల్ (మూడో బేస్ చేరే హిట్) కంటే, చిన్నవాడైన పోసాదాకి తన స్థానం వదిలిపెడుతూ పని నేర్పిన తీరు నాకు ఎక్కువ నచ్చుతుంది. 1999 జూలై 18న స్టేడియంలో యోగి బెరా సన్మానం జరిగింది. యజమాని జార్జ్ స్టెయిన్‌బ్రెన్నర్ మీద అలిగి 14 ఏళ్లు దూరంగా ఉండి తిరిగొచ్చిన ఏడాది అది. లార్సెన్ లాంఛనంగా వేసిన బంతిని బెరా గిరార్డీ మిట్‌తో పట్టాడు. ఆ తర్వాత అదే రోజు డేవిడ్ కోన్ 88 బంతుల్లో పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, క్యాచర్ గిరార్డీ. కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

ఈ మధ్యవాళ్లలో కైల్ హిగాషియోకా. ఏళ్లకేళ్లు మైనర్ లీగ్‌లో మగ్గి వచ్చాడు. జపాన్ పిచర్ మసహిరో తనకాతో నేరుగా మాట్లాడాలని జపనీస్ నేర్చుకున్నాడు. పిచర్ కోసం ఒక భాష నేర్చుకున్న క్యాచర్ నాకు నచ్చకుండా ఎలా ఉంటాడు? 2021లో కోరీ క్లూబర్ నో-హిటర్‌కి (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్), 2023లో డొమింగో హెర్మాన్ పర్ఫెక్ట్ గేమ్‌కి ప్లేట్ వెనక అతనే. హోసే ట్రెవీనో 2022లో బంతిని స్ట్రైక్‌గా కనిపించేలా పట్టే కళతో ప్లాటినమ్ గ్లవ్ (లీగ్ మొత్తంలో ఉత్తమ ఫీల్డర్ అవార్డు) గెలిచాడు. ఇప్పుడున్న ఆస్టిన్ వెల్స్ గురించి తీర్పు చెప్పడానికి ఇంకొన్నేళ్లు పట్టాలి.

మీ అబ్బాయి విషయం. హోమ్ రన్‌ల వీడియోలు అతనే చూసుకుంటాడు. మీరు దగ్గర కూర్చుని చూపించాల్సింది ఆ ఓక్లాండ్ ట్యాగ్. నెమ్మదిగా, పోసాదా పాదాలు కనిపించేలా. ఒక ఆదివారం లిటిల్ ఫాల్స్‌లో మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న యోగి బెరా మ్యూజియంకి తీసుకెళ్లండి, మీ ఇంటి నుంచి పెద్ద దూరమేమీ కాదు. ఇక మైదానంలో: బంతి నేలకు తగిలి వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవాలని చూడొద్దని, గడ్డం కిందికి దించి ఛాతీతో ఆపి తన ముందే పడేలా చూసుకోమని చెప్పండి. ఈ వయసులో మొదట రావాల్సింది అదే. ఇన్నింగ్స్ మధ్యలో తన పిచర్ దగ్గరికి వెళ్లి ఒక మాట మాట్లాడే అలవాటు కూడా ఇప్పుడే చేయించండి. ఛాతీ ప్యాడ్ సైజు చూసి కొనండి. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని వదులుగా కొంటే బంతి తగిలినప్పుడు పక్కకి జారి దెబ్బ ఎముకకి తగులుతుంది.